‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు

మీ ప్రొఫైల్ బాగుంది, ఈసారికి వేరొకరిని ఎంచుకున్నాం, మీకు శుభాకాంక్షలు. మూడు రౌండ్లు దాటి, హెచ్‌ఆర్‌తో జీతం లెక్కలు కూడా మాట్లాడుకున్నాక ఈ మూడు ముక్కల మెయిల్ వస్తే ఒళ్లు మండుతుంది. తిరిగి రాయాలనిపించే ప్రశ్న ఒకటే: నన్నెందుకు తీసుకోలేదు?

ప్రైవేటు కంపెనీ నుంచి దానికి జవాబు రావడం అరుదు. కాదన్న ప్రతి అభ్యర్థికీ కారణం చెప్పి తీరాలని మన దగ్గర సాధారణ చట్టమేదీ లేదు. రాసిచ్చిన కారణం రేపు తమ మెడకే చుట్టుకుంటుందని హెచ్‌ఆర్ వాళ్ల భయం. నిజానికి చాలాసార్లు వాళ్లకీ సంగతి పూర్తిగా తెలియదు. ప్యానెల్‌లో కూర్చున్న మేనేజరు సిస్టమ్‌లో ఒక ముక్క రాసి వదిలేస్తాడు. ఒక్కోసారి బడ్జెట్ లేక ఆ పోస్టే ఆగిపోయి ఉంటుంది.

అలాగని ఊరుకోనక్కర్లేదు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ చాలాచోట్ల మూడు నెలలు. ఎంపికైన మనిషి ఆఫర్ లెటర్ పుచ్చుకుని, దాన్నే చూపించి ఇంకోచోట ఎక్కువ జీతం మాట్లాడుకుని, చేరాల్సిన రోజున ఫోనెత్తని కథలు ఏ రిక్రూటరుని కదిపినా చెబుతారు. అప్పుడు వెతుకులాట మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవడం కంటే, రౌండ్లు దాటి ఆగిపోయినవాళ్లకు ఫోన్ చేయడం తేలిక. తగాదా పెట్టుకున్నవాడికి ఆ ఫోన్ రాదు.

కాబట్టి కోపం చల్లారాక, ఒకట్రెండు రోజులాగి, నాలుగు వాక్యాలు రాస్తే చాలు. సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు. ఆ పనిలో నాకు నచ్చిన విషయం ఇది. ఇదే పోస్టు మళ్లీ ఖాళీ అయినా, ఇలాంటిది ఇంకొకటి వచ్చినా నేను సిద్ధం. మళ్లీ అప్లై చేసేలోగా దేని మీద పని చేయమంటారు? ఈ చివరి ప్రశ్నకు జవాబిస్తే ఎవరూ తమ నిర్ణయాన్ని సమర్థించుకోనక్కర్లేదు. అందుకే అది కొన్నిసార్లయినా ఫలిస్తుంది. కొన్ని కంపెనీల్లో ఇన్ని నెలల దాకా మళ్లీ అప్లై చేయకూడదనే కూలింగ్ పీరియడ్ ఉంటుంది, అదీ కనుక్కోవాలి. మెయిల్ పంపాల్సింది ఇంటర్వ్యూ టైము ఖాయం చేసిన రిక్రూటరుకు. నో-రిప్లై అడ్రసుకు రాస్తే ఎవరూ చదవరు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు ముందు ఆ కన్సల్టెంటునే పట్టుకోవాలి. మామూలుగా మనం చేరితేనే వాళ్లకు కమిషన్ కనుక, లోపలి కబురు వాళ్లే లాగుతారు. ప్యానెల్ మెంబరు వాట్సాప్ నంబరు సంపాదించి రాత్రిపూట మెసేజ్‌లు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ పని మాత్రం వద్దు.

సర్కారు కొలువుల్లో కథ వేరు. అక్కడ అడగడం మన హక్కు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది సరిపోకపోయినా, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలుకు వెళ్లొచ్చు. దిద్దిన జవాబు పత్రాన్ని అభ్యర్థి చూసుకోవచ్చని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఆఫీసులో ఉన్న సమాచారమే ఇవ్వాలి, లేని వివరణ కొత్తగా రాసివ్వనక్కర్లేదు. అంటే ‘ఎందుకు’ అనే ప్రశ్న ఇక్కడా చెల్లదు. అడగాల్సింది కాగితం: సబ్జెక్టువారీగా నా మార్కులు, ఇంటర్వ్యూలో వేసినవి, నా కేటగిరీ కటాఫ్, నా జవాబు పత్రం నకలు.

దీనికీ హద్దులున్నాయి. సివిల్స్ మార్కులూ జవాబు పత్రాలూ అడిగిన వెంటనే యాంత్రికంగా ఇచ్చేయడం కుదరదని 2018లో అంగేశ్ కుమార్ కేసులో అదే కోర్టు తేల్చింది. ఇంటర్వ్యూ బోర్డు సభ్యుల పేర్లు చెప్పక్కర్లేదని అంతకుముందే బీహార్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో తీర్పిచ్చింది.

బ్రిటన్‌లో ఉద్యోగాలు వెతుక్కుంటున్న మన పిల్లలకు ప్రైవేటు కంపెనీల దగ్గర కూడా ఇలాంటి దారే ఉంది. అక్కడి డేటా రక్షణ చట్టం ప్రకారం తన గురించి కంపెనీ దాచుకున్న సమాచారం నకలు అడగొచ్చు. ఇంటర్వ్యూలో రాసుకున్న నోట్సూ అందులోకి వస్తాయి. మామూలుగా ఫీజుండదు, గడువు ఒక నెల. అయితే ఆ నోట్సును కంపెనీలు ఎల్లకాలం ఉంచవు, కొంతకాలానికి చెరిపేస్తాయి. అడిగేదేదో ఆలోపే అడగాలి.