చైనా వార్డులో మేము నేర్చుకున్న మొదటి ప్రశ్న

మా ఓ.పి.లో మందుల చీటీ చేతికి అందాక కొందరు తల్లిదండ్రులు వెంటనే లేవరు. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, మా అమ్మాయిని డాక్టరు చదువుకి చైనా పంపుదామనుకుంటున్నాం. మీరేమంటారు?" అని అడుగుతారు. కొందరు అప్పటికే పొలం బేరం పెట్టి ఉంటారు. ఆ ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పలేము. అందుకే మా అనుభవాన్ని ఈ సంచికలో రాస్తున్నాం.

మేము ముగ్గురం. ఒకరిది నరసరావుపేట, ఒకరిది మాచర్ల, ఒకరిది గురజాల దగ్గర పల్లె. చైనాలో హుబెయ్ రాష్ట్రంలోని ఒక చిన్న నగరంలో ఐదేళ్లు చదివాం. ఆరో ఏడు ఇంటర్న్‌షిప్ కోసం 2018 జూలైలో ఆ రాష్ట్ర రాజధాని వూహాన్ చేరాం. అప్పటికి ఆ పేరు మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. 2020 తర్వాత తెలియనివారు లేరు.

నది ఒడ్డున మహానగరం

వూహాన్ కోటి మందికి పైగా ఉండే నగరం. యాంగ్‌ట్సీ నది, అందులో కలిసే హాన్ నది ఊరిని మూడు భాగాలు చేస్తాయి: వూచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్. యాంగ్‌ట్సీ మీద 1957లో కట్టిన వంతెన ఉంది. పైన బస్సులు, కింద రైళ్లు నడుస్తాయి. సాగర్ డ్యాము చూస్తూ పెరిగిన మా మాచర్ల మిత్రుడు కూడా మొదటిరోజు ఆ వంతెన మీద చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు.

చైనావారు వూహాన్‌ను కొలిమిలాంటి ఊరు అంటారు. రెంటచింతల ఎండలు ఎరిగిన మాకు నవ్వొచ్చింది. వారం తిరక్కుండానే ఆ నవ్వు పోయింది. నది, చెరువుల తేమ వల్ల ఉక్కపోత రాత్రి కూడా వదలదు. చలికాలం ఇంకో రకం. ఉత్తర చైనా ఇళ్లలో ఉండే వేడిగొట్టాల ఏర్పాటు అక్కడ మామూలుగా ఉండదు కాబట్టి గదిలోనే స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకునేవాళ్లం.

పొద్దున్నే అందరూ రెగాన్‌మ్యెన్ అనే నూడుల్స్ తింటారు. దానిలో నువ్వుల ముద్ద కలుపుతారు. ఆ వాసనకు ఇల్లు గుర్తొచ్చేది. ఇంటినుంచి తెచ్చుకున్న కారప్పొడి పైన చల్లుకుని తినేవాళ్లం.

వార్డులో మొదటి ఉదయం

ఉదయం ఎనిమిది గంటలకు రాత్రి డ్యూటీవారు రోగుల వివరాలు అప్పగిస్తారు. డాక్టర్లు, నర్సులు, ఇంటర్న్‌లు అందరూ నిలబడి వింటారు. తర్వాత రౌండ్స్. రిపోర్టులన్నీ కంప్యూటర్‌లో, ఫీజులన్నీ ఫోన్‌లో. రోగి బంధువుల చేతిలో మాత్రం వేడినీళ్ల ఫ్లాస్కు తప్పక ఉంటుంది. జబ్బుపడినవారికి చన్నీళ్లు ఇవ్వడం అక్కడివారికి అసలు నచ్చదు. "నాలుగు" అనే మాట "చావు" అనే మాటలాగే వినిపిస్తుందని ఆ అంకెను చాలామంది ఇష్టపడరు. ఇవన్నీ మాకు వింతగా అనిపించాయి. అసలు కష్టం వేరే ఉందని మొదటి వారంలోనే తెలిసింది.

మా పాఠాలు ఐదేళ్లూ ఇంగ్లీషులో సాగాయి. హాస్టల్లో చుట్టూ తెలుగువారే. చేరేముందు ఒక ఏజెంటు "భాష అక్కర్లేదు, అంతా ఇంగ్లీషే" అన్నాడు, మా ఇంట్లోవాళ్లు నమ్మారు. కాని జబ్బుపడిన మనిషి ఇంగ్లీషులో మూలగదు కదా! వార్డులో మాకు మొదట నేర్పిన ప్రశ్న "నాలీ బు షూఫు?" అంటే "ఎక్కడ బాధగా ఉంది?" ప్రశ్న బాగానే వచ్చింది. జవాబు అర్థం కావడమే కష్టం. ముసలివారు పుస్తకంలోని చైనీస్ మాట్లాడరు, వూహాన్ యాస మాట్లాడతారు.

అర్థంకాని మాటకు తలూపాం

ఒక పెద్దావిడ "షిన్‌ఖౌ"లో నొప్పి అంది. షిన్ అంటే గుండె అని చదివాం కాబట్టి ఛాతీనొప్పి అని రాశాం. ఆమె ఇంకా ఏవో రెండు మూడు మాటలు చెప్పింది. అర్థం కాలేదు. మళ్లీ అడగడానికి సిగ్గుపడి తలూపాం. ఇ.సి.జి. మామూలుగానే వచ్చింది. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ఆమె మంచం పక్కన కూర్చుని, ఆమె యాసలోనే అడిగి, పొట్ట పైభాగాన చెయ్యిపెట్టి నొక్కారు. వాడుకలో షిన్‌ఖౌ అంటే అదేనట. మేము తలూపిన ఆ మాటలకు అర్థం: మోకాళ్ల నొప్పులకు చాలాకాలంగా మాత్రలు మింగుతున్నాను, నాలుగురోజులుగా విరేచనం నల్లగా అవుతోంది అని. ఎండోస్కోపీ చేస్తే కడుపులో రక్తం కారుతున్న పుండు కనిపించింది. సకాలంలో తెలియడంతో ఆమె కోలుకుంది. మమ్మల్ని ఎవరూ గట్టిగా తిట్టలేదు. ఆ రాత్రి మాత్రం ముగ్గురికీ నిద్రపట్టలేదు.

మర్నాటినుంచి నోటు పుస్తకం పెట్టుకుని, రోగులు వాడే మాటలు నర్సుల దగ్గర రాసుకున్నాం. అర్థం కాకపోతే "మళ్లీ చెప్పండి" అనడం నేర్చుకున్నాం.

ఆ రోజుల్లోనే హాన్‌కౌలోని యూనియన్ హాస్పిటల్ గురించి తెలిసింది. అది 1866లో వేల్స్ నుంచి వచ్చిన మిషనరీ గ్రిఫిత్ జాన్ ప్రారంభించిన వైద్యశాలట. మనకూ అటువంటి చరిత్ర ఉంది. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్, మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదివి, తిరిగివచ్చి గురజాలలో పనిచేశారు. డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. వాళ్లకు మన యాస ఎంత కొత్తో, మాకు వూహాన్ యాస అంత కొత్త. ఆ ఆలోచన మాకు ధైర్యమిచ్చింది.

పంపే ముందు ఇవి చూడండి

2019 వేసవిలో మేము తిరిగివచ్చాం. మా వెనుకవారికి ఆ అదృష్టం లేదు. 2020 ఫిబ్రవరి 1, 2 తేదీల్లో రెండు ఎయిర్ ఇండియా విమానాల్లో 647 మంది భారతీయులు వూహాన్ నుంచి ఢిల్లీ చేరారు. వారిలో విద్యార్థులతోపాటు శిక్షణకు వెళ్లిన మన ఆంధ్రప్రదేశ్ యువ ఇంజనీర్లు కూడా ఉన్నారు. చైనా నుంచి వచ్చేసిన విద్యార్థులకు తిరిగి వీసాలు 2022 ఆగస్టులోగాని మొదలుకాలేదు. రెండేళ్లకు పైగా వార్డు చూడకుండా వైద్యం చదవవలసి వచ్చింది.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి:

1. విదేశంలో చదవాలన్నా నీట్ అర్హత తప్పనిసరి. అవసరం లేదనేవారిని నమ్మకండి.

2. 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం చదువు కనీసం 54 నెలలు, ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి. ఇంటర్న్‌షిప్ 12 నెలలు అదే విదేశీ సంస్థలో చేయాలి. తిరిగి వచ్చాక ఇక్కడ మరో 12 నెలలు చేయాలి. ఆ దేశంలో వైద్యం చేయడానికి అర్హత ఇచ్చే డిగ్రీయే అయి ఉండాలి.

3. వచ్చాక ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్షలో 300కి 150 మార్కులు రావాలి. చైనాలో చదివినవారిలో 2015 నుంచి 2021 వరకు 40,417 మంది రాస్తే 6,387 మందే గట్టెక్కారని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022లో తెలిపింది. అంటే వందకు పదహారుమంది.

4. వార్డు శిక్షణకు చైనీస్ భాష తప్పనిసరి అని కూడా ఆ కార్యాలయమే చెప్పింది. మొదటి ఏడాదినుంచే నేర్చుకోమని పిల్లలకు చెప్పండి.

5. నిబంధనలు మారుతుంటాయి. డబ్బు కట్టకముందే జాతీయ వైద్య కమిషన్ ప్రకటనలు చూడండి.

పంపవద్దని మేము అనడం లేదు. మేమూ అలా చదివినవాళ్లమే. పొలం అమ్మేముందు ఇవన్నీ తెలిసి ఉండాలనే మా తాపత్రయం.

మా రోగులకు ఒక మాట

మన పల్లెల్లోనూ షిన్‌ఖౌలాంటి మాటలు ఉన్నాయి. "గుండెలో మంట" అంటే చాలాసార్లు కడుపులో పులుపు. అలాగని గ్యాస్ అని మీరే తేల్చుకోవద్దు. చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి రండి. మెడికల్ షాపులో కొని నొప్పి మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి. విరేచనం తారులా నల్లగా అయితే ఆ సంగతి ముందు చెప్పండి.

మీ బాధ మీ మాటల్లోనే చెప్పండి. మాకు అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాం. ఊరికే తలూపం.