తెల్ల బకెట్టులో ఎవరెక్కడ కూర్చున్నారు?

రండర్రా, ఆ తెల్ల బకెట్టు ఇలా పట్టుకురండి. అమ్మడూ, నువ్వూ రావే.

పాత మగ్గులూ మూతలూ ముక్కలు చేసి, కరిగించి పోస్తే ఇలాంటివి వస్తాయి. అందులో పాలిథిన్ ఉంటుంది, పాలిప్రొపిలీనూ ఉంటుంది. రెండింట్లోనూ ఉన్నది కార్బనూ హైడ్రోజనే. అంత దగ్గరి చుట్టాలై ఉండీ, కరిగించి కలిపితే కలవవు! చిన్న చిన్న అణువులైతే ఎటంటే అటు చేరి కలిసిపోతాయి. ఇవి పొడుగాటి గొలుసులు, ఒక్కో గొలుసులో వేల కార్బన్లు. వాటికంత స్వేచ్ఛ ఎక్కడిది? ఈ లెక్క 1940ల మొదట్లోనే ఫ్లోరీ, హగ్గిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారు కట్టారు. ఫ్లోరీకి 1974లో నోబెల్ వచ్చింది.

కలవనప్పుడు ఒకటి రెండోదానిలో బొట్లుబొట్లుగా ఉంటుంది. యంత్రంలో మర తిరుగుతుంటే ఆ బొట్లు సాగుతాయి, తెగుతాయి. పక్కపక్కకి వస్తే మళ్లీ ఒక్కటవుతాయి. ఇంగ్లండులో జి.ఐ. టేలర్ అనే మహానుభావుడు 1934లో చిక్కటి చక్కెర పాకంలో నూనెబొట్టు వేసి, నాలుగు రోలర్లు తిప్పుతూ అది ఎలా సాగుతుందో, ఎప్పుడు తెగుతుందో చూశాడు. ఎంత ముచ్చటైన పనో చూడండి!

ఇక తెలుపు సంగతి. అది టైటానియం డయాక్సైడ్, అంటే ఒక లోహపు ఆక్సైడు పొడి. మన తలవెంట్రుక మందంలో ఆ రేణువులు రెండు మూడు వందలు పడతాయి. అవి ఎక్కడ కూర్చుంటాయన్నదే నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. రెండు ప్లాస్టిక్కుల హద్దు మీద కూర్చున్నాయనుకోండి, బొట్టునీ బొట్టునీ కలవనివ్వవు. ఆవకాయ కలిపేటప్పుడు మామిడి ఊటకీ నూనెకీ మధ్య ఆవపిండి నిలబడదూ, అదే పని. పిండి మెత్తగా ఉంటేనే ఆ పట్టు. బొట్లు చిన్నవిగా, సమంగా నిలిస్తే సరుకూ గట్టిగా ఉంటుంది.

అలా కాక బయటి ప్లాస్టిక్కులోనే చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లాయా, కరిగిన ముద్ద మెల్లగా తోస్తే కదలదు. మర గట్టిగా తోసిందంటే వల తెగి, జారుతూ పోతుంది. తోపు ఆపితే మళ్లీ బిగుస్తుంది. కొద్దిపాటి పొడికే ఇంత మార్పు!

ఎక్కడ కూర్చోవాలో రేణువు పైపూత చెబుతుంది. అందుకే టైటానియం పొడికి అల్యూమినా పూతో, నూనెజిడ్డు పూతో వేస్తారు. కలిపే వరసా ముఖ్యమే. రేణువుని దానికి అంతగా నచ్చని ప్లాస్టిక్కులో ముందు కలిపారనుకోండి, కరిగినప్పుడు నచ్చిన దానివైపు బయల్దేరుతుంది. అది హద్దు చేరేసరికి కలపడం ఆపి చల్లార్చేస్తే అక్కడే చిక్కుకుపోతుంది. కావాలనే అలా పట్టేవాళ్లున్నారు.