కంప్యూటర్‌తో చెస్: అది ఉన్నట్టుండి వజీర్‌ని ఎందుకు ఇచ్చేస్తుంది? పిల్లలకు ఏం చెప్పాలి?

ఫోన్‌లో చెస్ ఆడే పిల్లలున్న ఇళ్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి, "అమ్మీ, కంప్యూటర్‌ని ఓడించేశా!" రెండోది, "దీన్ని ఎవరూ గెలవలేరు, నాకు చెస్ రాదు." మొదటి మాటకు పొంగిపోవడం, రెండో మాటకు కుంగిపోవడం రెండూ తప్పే. ఎందుకంటే కంప్యూటర్ ప్రోగ్రామ్ మనిషిలా ఆడదు. మనిషిలా గెలవదు, మనిషిలా ఓడదు కూడా. దాని తీరు తెలిస్తే పిల్లలకు అది మంచి తోడు. తెలియకపోతే అనవసరమైన భయం, లేదంటే అనవసరమైన గర్వం మిగులుతాయి.

లెక్క ఎలా వేస్తుంది?

ప్రోగ్రామ్‌కి బోర్డు మీద కనిపించేది ఒక రకం బ్యాలెన్స్ షీట్. బంటుకి 1, గుర్రానికి 3, ఒంటెకి (శకటుకి) 3, ఏనుగుకి 5, మంత్రికి, అంటే మన ఇళ్లలో వజీర్‌కి, 9 అనే పాత లెక్క చెస్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రోగ్రామ్ దీనికి రాజు ఎంత భద్రంగా ఉన్నాడు, పావులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయి లాంటివి కలిపి ఒక అంకె తయారుచేస్తుంది. స్క్రీన్ పక్కన ప్లస్ 1.5 అని కనిపిస్తే, తెల్ల పావుల వైపు దాదాపు ఒకటిన్నర బంటు లాభంలో ఉందని అర్థం. మైనస్ ఉంటే నల్ల వైపు లాభం.

తర్వాత ముందుకు చూస్తుంది. ఆట మధ్యలో ఒక్కో వంతుకి సుమారు 30 ఎత్తులు ఉంటాయనుకుందాం. ఇద్దరూ చెరి రెండు ఎత్తులు వేసేసరికి 8 లక్షల 10 వేల దారులు అవుతాయి. చెరి మూడు ఎత్తులకు 72 కోట్ల 90 లక్షలు. అన్నీ చూడటం యంత్రానికి కూడా భారమే. అందుకే పనికిరాదని తేలిన దారిని మధ్యలోనే వదిలేసి, పనికొచ్చే దారిలో లోతుగా వెళ్తుంది. 1997లో ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌ని ఓడించిన ఐబీఎం యంత్రం డీప్ బ్లూ సెకనుకి దాదాపు 20 కోట్ల స్థితులు చూసేది. ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ అంత వేగంగా చూడకపోయినా, ఏది ముఖ్యమో గుర్తించే పద్ధతి మెరుగుపడటం వల్ల డీప్ బ్లూ కన్నా చాలా బలంగా ఆడుతుంది.

వింత ఒకటి: ఊరికే ఇచ్చే పావు

తక్కువ లెవెల్ పెట్టుకుని ఆడే పిల్లలకు ఇది బాగా తెలుసు. పది ఎత్తులు ఉస్తాద్‌లా ఆడిన ప్రోగ్రామ్, పదకొండో ఎత్తులో వజీర్‌ని తెచ్చి బంటు ముందు పెడుతుంది. అది ఎర కాదు, ఎత్తుగడ కాదు. బలమైన ప్రోగ్రామ్‌ని బలహీనంగా ఆడించాలంటే తయారుచేసినవాళ్లకు ఉన్న సులువైన దారి, అప్పుడప్పుడు కావాలని తక్కువ రకం ఎత్తు వేయించడం. స్టాక్‌ఫిష్‌లో 0 నుంచి 20 వరకు ఉండే స్కిల్ లెవెల్ తగ్గిస్తే, అది కొన్ని ఎత్తులను పక్కపక్కన పెట్టుకుని, లాటరీ తీసినట్టు ఒక్కోసారి నాసిరకం ఎత్తుని ఎంచుకుంటుంది.

మనుషులు అలా తప్పు చేయరు. ఎదుటివాళ్ల గుర్రం ఎక్కడికి దూకుతుందో గమనించక, తొందరపడి, భయపడి తప్పు చేస్తారు. అందుకే తక్కువ లెవెల్ కంప్యూటర్‌ని రోజూ ఓడించే పిల్లవాడు స్కూల్ టోర్నమెంట్‌లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోవచ్చు. అక్కడ ఎవరూ వజీర్‌ని ఊరికే ఇవ్వరు మరి. ఈ లోటు తీర్చడానికే మాయా అనే ప్రోగ్రామ్ వచ్చింది. మనుషులు ఆడిన లక్షల ఆటలతో దానికి శిక్షణ ఇచ్చారు. అత్యుత్తమ ఎత్తు ఏదని కాదు, ఈ స్థాయి మనిషి ఇక్కడ ఏ ఎత్తు వేస్తాడని అది చూస్తుంది.

వింత రెండు: ఓటమిని వాయిదా వేయడం

ఎక్కువ లెవెల్‌లో కూడా ఓడిపోయే దశలో కంప్యూటర్ పిచ్చిగా ఆడినట్టు కనిపిస్తుంది. ఏనుగుని ఇస్తుంది, అర్థం లేని చెక్‌లు ఇస్తుంది. దాని లెక్క ప్రకారం 3 ఎత్తుల్లో షహ్‌మాత్ కావడం కన్నా 6 ఎత్తుల్లో కావడం మేలు. మధ్యలో ఎన్ని పావులు పోయినా దానికి బాధ లేదు. అనుభవం ఉన్న మనిషైతే ఎదుటివాళ్లు పొరపాటు పడేలా ఉచ్చు పన్నుతాడు. కంప్యూటర్ మాత్రం ఎదుటివాళ్లకు అన్నీ కనిపిస్తాయనే అనుకుంటుంది.

దీనికి దగ్గరి జబ్బు ఇంకొకటి పాత ప్రోగ్రాముల్లో ఎక్కువగా ఉండేది. హాన్స్ బెర్లినర్ 1973లో దానికి హొరైజన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. యంత్రం చూపు ఉదాహరణకు 8 ఎత్తుల దాకానే అనుకుందాం. ఏడో ఎత్తులో ఏనుగు పోవడం ఖాయమైనా, మధ్యలో రెండు బంట్లు ఇచ్చి ఆ నష్టాన్ని పదకొండో ఎత్తుకి నెట్టేస్తే, దాని కంటికి నష్టం మాయమైపోతుంది. పాత అప్పు వాయిదా దాటించడానికి కొత్త అప్పు చేసేవాడి పరిస్థితి ఇదే. చివరికి ఏనుగూ పోతుంది, బంట్లూ పోతాయి.

వింత మూడు: అంకె లాభం, ఆట డ్రా

ఒక వైపు రాజుతో పాటు ఒంటె, బోర్డు చివరి వరుసలో నిలువుగా వెళ్లే బంటు ఉన్నాయి. ఎదుట ఒక్క రాజే ఉన్నాడు. అంకెల్లో 4 పాయింట్ల లాభం. కానీ బంటు వజీర్‌గా మారాల్సిన మూల గడి ఒక రంగు, ఒంటె నడిచే గడులు ఇంకో రంగు అయితే, ఎదుటి రాజు ఆ మూలకి చేరి కూర్చుంటే చాలు, ఆట డ్రా. ఈ సంగతి నేర్పని పాత ప్రోగ్రాములు గెలుస్తున్నామనుకుని ఇందులోకే నడిచి వచ్చేవి. ఇప్పుడు రాజులతో కలిపి 7 పావుల వరకు మిగిలిన ముగింపులన్నింటికీ ముందే లెక్కగట్టిన పట్టికలు ఉన్నాయి. అవి జోడించిన ప్రోగ్రామ్ అక్కడ ఆలోచించదు, జవాబు చూసి వేస్తుంది. ఆట మొదట్లో టకటకా వేసే ఎత్తులు కూడా చాలాసార్లు అలాంటివే, ముందే దాచిపెట్టిన ఓపెనింగ్ పుస్తకం నుంచి వచ్చినవి.

ఛాంపియన్‌నే భయపెట్టిన తప్పు

యంత్రానికి లేని ఆలోచనని ఉందనుకోవడం పెద్దవాళ్లకూ తప్పలేదు. 1997 మే నెలలో న్యూయార్క్ పోటీ మొదటి ఆటలో, 44వ ఎత్తుకి డీప్ బ్లూ ఏనుగుని అర్థం కాని గడికి జరిపింది. ఆ ఆట కాస్పరోవ్ గెలిచారు. కానీ ఆ ఎత్తు వెనక ఏదో లోతైన ఆలోచన ఉందేమోనని ఆయన వర్గం అనుకుందని నేట్ సిల్వర్ 2012 నాటి తన పుస్తకంలో రాశారు. అది ప్రోగ్రామ్‌లోని లోపమని యంత్రం తయారుచేసిన బృందంలోని మర్రే క్యాంప్‌బెల్ ఆయనకి చెప్పారు. రెండో ఆటలో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకుని లేచిపోయారు. ఆ స్థితిలో వరసగా చెక్‌లు ఇచ్చి డ్రా చేసుకునే దారి ఉందని తర్వాత విశ్లేషకులు చూపించారు. చివరికి పోటీ 3.5-2.5 తేడాతో చేజారింది.

ఆ తర్వాత తేడా పెరుగుతూ వచ్చింది. 2005 జూన్‌లో అబుధాబి సంస్థ అండతో తయారైన హైడ్రా యంత్రం, అప్పటి అగ్రశ్రేణి ఆటగాడు మైకేల్ ఆడమ్స్‌ని లండన్‌లో 5.5-0.5తో ఓడించింది. 2006లో జర్మనీలోని బాన్ నగరంలో ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ మీద ఆడుతూ ఒక్క ఎత్తులో షహ్‌మాత్ అయ్యే ప్రమాదాన్ని గమనించలేదు. ఇంట్లో పిల్లవాడు ఏదైనా గమనించలేదని కోప్పడే ముందు ఈ ఆటని గుర్తుచేసుకోవచ్చు. కంప్యూటర్ చేతిలో ఓడిపోవడం తెలివి తక్కువని కాదు. కాలిక్యులేటర్‌తో గుణకారాల పోటీ పెట్టుకుని ఓడిపోయానని ఎవరూ ఏడవరు కదా.

ఇంట్లో ఏం చేయాలి?

ముందుగా, ఆట మనుషులతో ఆడించాలి. అన్నాచెల్లెళ్లు, అబ్బా, చాచా ఎవరైనా సరే, బోర్డు ముందు కూర్చుని ఆడటం వేరు. ఎత్తులు నోట్‌బుక్‌లో రాయించాలి. ఆట అయ్యాక ఎక్కడ తప్పు జరిగిందో పిల్లలే ముందు వెతకాలి. ఆ తర్వాతే కంప్యూటర్‌ని అడగాలి. గ్రాండ్‌మాస్టర్లు కూడా ప్రోగ్రామ్‌ని గెలవాలని చూడరు, తమ ఆటని తనిఖీ చేసుకోడానికే వాడతారు. అది చూపించిన ఎత్తు ఎందుకు మంచిదో తమ మాటల్లో చెప్పగలిగితేనే పిల్లలు నేర్చుకున్నట్టు.

రెండోది నిజాయితీ. ఆన్‌లైన్‌లో ఎదుటి మనిషితో ఆడుతూ పక్కన ప్రోగ్రామ్ పెట్టుకుని ఎత్తులు చూసి వేయడం మోసం. సైట్లు ఆటగాళ్ల ఎత్తుల్ని ఇంజన్ ఎత్తులతో పోల్చి చూసి ఖాతాలు మూసేస్తాయి. ఫిడే నిబంధనల ప్రకారం టోర్నమెంట్ హాల్లో అనుమతి లేకుండా ఫోన్ జేబులో ఉన్నా ఆట ఓడినట్టు ప్రకటించవచ్చు. పట్టుబడతామనే భయం ఒక్కటే చెబితే సరిపోదు. ఎదుటివాళ్లు మనల్ని నమ్మి ఆడుతున్నారు, ఆ నమ్మకం అమానత్ అని చెప్పాలి.

మూడోది, చదరంగం ఆడటం విషయంలోనే ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. కొందరు వద్దంటారు, కొందరు షరతులతో పర్వాలేదంటారు. పందెం ఉన్నా, ఆటలో పడి నమాజ్ తప్పినా తప్పేనన్న దాంట్లో మాత్రం భేదం లేదు. సందేహం ఉన్నవాళ్లు తమ ఆలిమ్‌ని అడగడం మంచిది. డబ్బు పెట్టి ఆడించే యాప్‌లని ఎలాగూ ఫోన్‌లోకి రానివ్వకూడదు.

లెవెల్ విషయానికొస్తే, పిల్లలు కొన్ని గెలిచి, కొన్ని ఓడేలా పెట్టాలి. అన్నీ గెలుస్తుంటే ఒక మెట్టు పెంచాలి, అన్నీ ఓడుతుంటే ఒక మెట్టు తగ్గించాలి. కంప్యూటర్ వజీర్‌ని ఊరికే ఇచ్చిన ఆటని మాత్రం గెలుపుల లెక్కలో వేసుకోవద్దని చెప్పాలి.