తపాలాబిళ్లపై కోడిపెట్ట

పోపులపెట్టెలో నాలుగు చిల్లరడబ్బులు దాచుకొనని యిల్లాలు మనలో నరుదు. అట్టి చిల్లరను గూర్చియే యీ మాసమున రెండు మాటలు చెప్పదలచితిమి.

ఐర్లండు దేశపు తపాలాశాఖవారు 1978వ సంవత్సరమున, తమ దేశము సొంతనాణెములు వెలువరించి యేబదియేండ్లు నిండిన సందర్భమున, పాతనాణెముల బొమ్మలతో గొన్ని తపాలాబిళ్లలు ప్రకటించిరి. వానిలో నొకదానిపై రాజు లేడు, రాణి లేదు. ఉన్నది పిల్లలతో గూడిన కోడిపెట్ట! అది వారి పాత పెన్నీ నాణెము.

ఐర్లండు 1922లో ప్రత్యేకరాజ్యముగా నేర్పడినది. నాణెములపై నే బొమ్మలుండవలెనో నిర్ణయించుటకు 1926లో నొక సంఘము నియమింపబడెను. దాని యధ్యక్షుడు కవియైన యేట్సు. ఆ సంఘమువారు తమ పల్లెబ్రతుకులకు దగ్గఱయైన జంతువులనే కోరిరి. పెర్సీ మెట్కాఫ్ అను శిల్పి రూపించిన బొమ్మలతో 1928 డిసెంబరులో నాణెములు వెలువడినవి. అరపెన్నీపై పిల్లలతో నున్న పంది, షిల్లింగుపై ఆబోతు, అరక్రౌనుపై గుఱ్ఱము. అన్నిటికిని రెండవవైపున వీణవంటి హార్పు వాద్యము. మతచిహ్నములు లేవని కొందఱు నిరసించిరి గాని బొమ్మలు నిలిచినవి.

కోడిపెట్టకు పెన్నీపై చోటు దొరకుట మాకు మిగుల సముచితముగా దోచుచున్నది. ఆ పల్లెలలో కోళ్లపెంపకము స్త్రీల పని. గ్రుడ్ల సొమ్ముతోనే వారు తేయాకు, చక్కెర మొదలగునవి కొనెడివారు. మగవాని చేయి చూడక యిల్లు గడుపు డబ్బది.

నాడు పండ్రెండు పెన్నీలు షిల్లింగు, ఇరువది షిల్లింగులు పౌను. 1971 ఫిబ్రవరి 15వ తేదీన పౌనుకు నూఱు పెన్సులను కొత్తలెక్క వచ్చెను. కోడిపెట్ట పెన్నీ తొలగిపోయెను. ఏడేండ్లకు తపాలాబిళ్లపై మరల గనబడెను. ఆ బిళ్లవెల కొత్త పెన్సులలో నున్నది. 2002లో యూరో వచ్చి యా పెన్సులును పోయినవి. కావున నా చిన్న కాగితముపై బొమ్మగా నున్న డబ్బును, వెలగా నున్న డబ్బును, రెండును చెల్లనివే!

మనకును ఇట్టిదే జరిగినది. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయకు నూఱు నయాపైసలు వచ్చినవి. దమ్మిడీ, కాని, అణా, బేడ క్రమముగా మఱుగుపడినవి. అయినను, నిండైన తెలుగుదనమును నేటికిని పదహారణాల తెలుగుదన మనుచునే యున్నాము. వారి పాతడబ్బు బిళ్లపై నిలిచినది. మనది మాటలో నిలిచినది.

మీ పెట్టె యడుగున నొక యణాబిళ్ల యున్నయెడల పారవేయకుడు. పిల్లల చేతిలో బెట్టి, దానితో మీ యమ్మమ్మ యేమి కొనెడిదో చెప్పుడు. ఆమె యెట్లు కూడబెట్టెనో కూడ చెప్పుడు. అది మఱవకుండుటయే మన కోరిక.