బొటనవేలి పక్క బొడిపె

మీ రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. బొటనవేలు తిన్నగా ఉందా? లేక రెండో వేలి మీదికి ఒరిగి ఉందా? బొటనవేలి మొదట్లో, పాదం లోపలి అంచున, ఎముక బొడిపెలా పొడుచుకు వచ్చిందా? అక్కడ చర్మం ఎర్రగా, మందంగా ఉందా?

ఇలాంటి పాదాలు చాలామందికి ఉంటాయి. పలు దేశాల్లో చేసిన పరిశీలనలన్నీ కలిపి 2010లో లెక్క వేశారు. 18 నుంచి 65 ఏళ్ల వాళ్లలో ప్రతి 100 మందిలో సుమారు 23 మందికి ఈ బొడిపె ఉంది. 65 దాటిన వాళ్లలో 100కి సుమారు 36 మందికి ఉంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ.

మన ఊళ్లలో దీనికి ఒక పేరంటూ లేదు. "ఎముక పెరిగింది" అంటారు. "వేలు వంకరపోయింది" అంటారు. కొందరు ఆనెకాయ అనుకుంటారు. ఆనెకాయ అంటే చర్మం గట్టిపడటం. ఇది చర్మం సంగతి కాదు, ఎముక సంగతి. డాక్టర్లు దీన్ని బనియన్ అంటారు. చొక్కా లోపల తొడుక్కునే బనియన్ కాదు. పలకడం ఒకటే, మాట వేరు. మనం బొడిపె అనే చెప్పుకుందాం.

ఎముక పెరిగిందా?

లేదు. కొత్త ఎముక మొలవలేదు. ఉన్న ఎముకే పక్కకు జరిగింది.

బొటనవేలికి వెనకాల, పాదంలో, ఒక పొడుగు ఎముక ఉంటుంది. ఆ ఎముకా, వేలి ఎముకా కలిసే చోట ఒక కీలు ఉంటుంది. నడిచేటప్పుడు మడమ లేస్తుంది కదా. అప్పుడు వంగేది ఆ కీలే. అడుగు అడుగుకీ బరువు దాని మీద పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి పొడుగు ఎముక రెండో కాలి వైపు ఒరుగుతుంది. వేలేమో చిన్న వేళ్ల వైపు ఒరుగుతుంది. రెండూ కలిసే మూల బయటికి వస్తుంది. మోచెయ్యి వంచితే మూల ఎలా పొడుచుకు వస్తుందో, ఇదీ అంతే.

ఆ మూలకు చెప్పు రాసుకుంటుంది. రాసుకున్న చోట వాస్తుంది. వాచిన చోట మళ్లీ రాసుకుంటుంది. నొప్పి చాలామందికి ఇలాగే మొదలవుతుంది.

ఎముక ఎందుకు ఒరుగుతుంది? తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. ముక్కు తీరు వచ్చినట్టే పాదం తీరు కూడా కుటుంబంలో వస్తుంది. కొందరికి అరికాలు చదునుగా ఉంటుంది. కొందరికి కీళ్లు వదులుగా ఉంటాయి. కీళ్లవాతం ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. వీటిని మనం మార్చలేం. మార్చగలిగేది ఒక్కటుంది. అది చెప్పు.

చెప్పుకి ఇంత బలం ఉందా అని అనుమానం రావచ్చు. 1958లో హాంకాంగ్‌లో ఇద్దరు డాక్టర్లు ఈ సంగతి పరిశీలించారు. అక్కడ పడవల మీదే పుట్టి, పడవల మీదే బతికే జనం ఉండేవాళ్లు. వాళ్లు చెప్పులు వేసుకునేవాళ్లు కాదు. అలాంటి 107 మంది పాదాలు చూశారు. బూట్లు వేసుకునే 118 మంది పాదాలూ చూశారు. బూట్ల వాళ్లలో 100కి 33 మందికి బొటనవేలు ఒరిగి ఉంది. వట్టి కాళ్ల వాళ్లలో 100కి ఇద్దరికి మాత్రమే ఉంది. అందరూ చైనా వాళ్లే. తేడా అంతా కాలికి వేసుకున్నదాంట్లోనే కనబడింది.

అలాగని చెప్పులు పారేయమని కాదు. వట్టి కాళ్లతో తిరిగితే ముల్లు దిగుతుంది, గాజుపెంకు దిగుతుంది. మలం కలిసిన తడి మట్టిలోంచి కొంకి పురుగు కాలి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. రక్తం తగ్గిపోతుంది. చెప్పులు ఉండాలి. అవి పాదానికి సరిపోవాలి, అంతే.

కాగితం మీద పాదం

చెప్పుల మీద ఒక అంకె ఉంటుంది. 5 అని, 6 అని, 7 అని. ఇప్పుడు మీరు ఆ అంకె చదవగలరు. కాని ఆ అంకె చెప్పేది ముఖ్యంగా పొడవు. వెడల్పు సంగతి దాన్నిబట్టి తెలియదు. ఒకే అంకె ఉన్న రెండు జతల్లో ఒకటి వెడల్పుగా ఉంటుంది, ఇంకోటి ఇరుగ్గా ఉంటుంది. బొడిపె ఉన్నవాళ్లకు కావలసింది వెడల్పు.

పైగా చాలా ఇళ్లలో ఆడవాళ్ల చెప్పులు ఆడవాళ్లు కొనుక్కోరు. భర్తో, కొడుకో పట్నం నుంచి తెస్తాడు. "ఆరో నంబరు తే" అని చెప్పి పంపుతారు. తెచ్చాక బిగుతుగా ఉంటే, "వేసుకోగా వేసుకోగా అదే సాగుతుందిలే" అనుకుంటారు. తోలు కొంచెం సాగుతుంది. రెక్సిను, ప్లాస్టిక్కు అంతగా సాగవు. చెప్పు సాగకపోతే పాదమే లొంగుతుంది.

దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. ఖర్చు లేదు. ఒక పాత న్యూస్ పేపరు, ఒక పెన్సిలు చాలు. సాయంత్రం పూట చేయండి. పొద్దంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. ఆ కొలతే కావాలి. పేపరు నేల మీద పరిచి, దాని మీద నిటారుగా నిలబడండి. రెండు కాళ్ల మీదా బరువు సమంగా ఉండాలి. గీత మీరే గీసుకోవద్దు. వంగితే పాదం కొలత మారుతుంది. ఇంట్లో ఇంకొకరిని గీయమనండి. పెన్సిలు నిలువుగా పట్టుకుని, పాదం చుట్టూ గీయాలి. బొడిపె చుట్టూ కూడా వదలకుండా గీయాలి. ఒకదాని మీద "కుడి" అని, ఇంకోదాని మీద "ఎడమ" అని రాయండి. చాలామందికి రెండు పాదాలు ఒకే కొలత ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే చెప్పులే కొనాలి.

గీత వెంట కత్తిరించండి. ఇప్పుడు ఇంట్లో ఉన్న చెప్పు తీసి, దాని మీద ఈ కాగితం పెట్టండి. అంచులు బయటికి వచ్చాయా? అయితే ఆ చెప్పు ఇరుకు. బూటయితే కాగితాన్ని లోపల పెట్టి చూడండి. వేళ్ల దగ్గర కాగితం మడత పడితే, మీ వేళ్లు కూడా అలాగే మడత పడుతున్నాయన్న మాట. పట్నం వెళ్లేవాళ్లకు అంకె చెప్పడం కాదు, ఈ కాగితం ఇచ్చి పంపండి. పొడుగు వేలికి ముందు ఇంకా అర అంగుళం ఖాళీ ఉండాలని కూడా చెప్పండి.

ఎలాంటి చెప్పులు మంచివి? ముందు భాగం వెడల్పుగా, గుండ్రంగా ఉండాలి. మొన తేలి ఉండకూడదు. మడమ ఎత్తు ఉండకూడదు. ఎత్తు మడమ చెప్పులో బరువంతా వేళ్ల మీదికి జారుతుంది. పట్టీ మెత్తగా ఉండాలి, బొడిపె మీదుగా పోకూడదు. హవాయి చెప్పులు బొడిపెను ఒత్తవు, నిజమే. కాని అవి జారిపోకుండా వేళ్లతో బిగపట్టి నడవాలి. వేళ్ల సందులో రాసుకుంటుంది కూడా. ఇంటి దగ్గరికి పరవాలేదు. ఎక్కువ దూరం నడిచేవాళ్లకు, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులే నయం.

బట్టల కొట్లలో, ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో పనిచేసే ఆడపిల్లలు కొందరు పొద్దస్తమానం బూట్లతోనే నిలబడాలి. ఫలానా బూట్లే వేసుకోవాలని నియమం ఉంటుంది. అలాంటి చోట ఒక నంబరు పెద్దది, లేదా వెడల్పు రకం అడగాలి. తోలు బూటయితే చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లి, బొడిపె తగిలే చోట మాత్రం సాగదీయించుకోవచ్చు.

నొప్పి తగ్గేదెలా?

పాత మెత్తటి గుడ్డను గానీ దూదిని గానీ చుట్టలా, చిన్న గారెలా చేయండి. మధ్యలో చిల్లు ఉండాలి. చిల్లులో బొడిపె కూర్చోవాలి. అప్పుడు చెప్పు ఒత్తిడి బొడిపె మీద పడదు, చుట్టూ పడుతుంది. బొడిపె మీదే గుడ్డ మందంగా పెడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మందుల కొట్లో ఇలాంటి మెత్తలు అమ్ముతారు. ఇరుకు చెప్పులో మాత్రం ఏ మెత్త పెట్టినా ఉపయోగం లేదు. ముందు చెప్పు మారాలి.

బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చిన్న గుడ్డ చుట్ట పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. వాచినప్పుడు చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వేసి, కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. ఐసు పెట్టేవాళ్లు దాన్ని గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెడితే చాలు. నేరుగా చర్మం మీద పెట్టకూడదు.

మెట్టెల సంగతి కూడా చెప్పుకోవాలి. మెట్టె రెండో వేలికి ఉంటుంది. బొటనవేలు ఒరిగి ఒరిగి ఆ మెట్టెకు ఒరుసుకుంటుంది. చర్మం లేచిపోతుంది. మెట్టె తీయడానికి మనసు ఒప్పదు. తీయక్కర్లేదు. అంచులు నున్నగా ఉన్న సన్నటి మెట్టె పెట్టుకోవచ్చు. బిగుతుగా ఉంటే వదులు చేయించుకోవచ్చు. పుండు పడితే మాత్రం మానేదాకా తీసి పక్కన పెట్టాలి.

పాదానికి కసరత్తు కూడా ఉంది. కూర్చుని కాలి వేళ్లన్నీ విసనకర్రలా విప్పడం, ముడవడం. నేల మీద గుడ్డ వేసి వేళ్లతో దగ్గరికి లాక్కోవడం. చేత్తో బొటనవేలు పట్టుకుని మెల్లగా ముందుకు లాగి వదలడం. రోజూ అయిదు నిమిషాలు చేస్తే కీలు బిగుసుకుపోకుండా ఉంటుంది. నొప్పి పుడితే ఆపేయాలి.

నొప్పి బిళ్లల విషయంలో జాగ్రత్త. అప్పుడప్పుడు పారాసెటమాల్ వేసుకోవచ్చు. బిళ్లల అట్ట మీద పేరు, తేదీ చదవండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ మింగితే కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. డాక్టరుని అడక్కుండా మింగవద్దు. గర్భిణులు అసలే వద్దు.

పట్టీ కడితే వేలు తిన్నగా అవుతుందా?

ఒక ఊళ్లో కూరగాయల గంప ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగే పెద్దావిడ ఒకామె తిరునాళ్లలో రబ్బరు పట్టీ కొంది. ఆ పట్టీ తెచ్చి ఊరికి వచ్చిన నర్సుకి చూపించింది.

"నర్సమ్మా, ఇది రాత్రిళ్లు కట్టుకుంటే నెలలో వేలు తిన్నగా అయిపోద్దన్నాడు. మూణ్ణెల్లయింది. కట్టుకున్నంత సేపూ బాగానే ఉంటది. విప్పితే మళ్లీ మామూలే."

"అంతే పెద్దమ్మా. పట్టీ వేలిని పట్టుకుని నిలబెడుతుంది. వదిలేస్తే వేలు దాని చోటికి అది పోతుంది. ముప్పై ఏళ్లుగా ఒరిగిన ఎముక రబ్బరుకి లొంగుతుందా?"

"అయితే పారెయ్యనా?"

"హాయిగా ఉంటే కట్టుకో. వేళ్లు తిమ్మిరెక్కితే, నల్లబడితే వెంటనే విప్పెయ్. తిన్నగా అవుద్దని ఇంకో పట్టీ మాత్రం కొనకు. ఆ డబ్బు చెప్పులకి పెట్టు. ఏవీ, నీ చెప్పులు చూపించు."

ఆమె వేసుకున్న చెప్పులు కోడలివి. బిగుతుగా ఉన్నాయని కోడలు వదిలేసినవి.

నర్సు చెప్పింది నిజం. పట్టీలు, నూనెలు, పట్లు పెద్దవాళ్ల ఎముకను వెనక్కి జరపలేవు. బొడిపె పోదు. కాని బొడిపె ఉన్నంత మాత్రాన నొప్పి ఉండి తీరాలని లేదు. చెప్పు మార్చుకున్నాక చాలామంది ఆ బొడిపెతోనే హాయిగా పనులు చేసుకుంటారు.

ఈ పనులు చేయవద్దు

బ్లేడుతో గీకడం. వాత పెట్టడం. జిల్లేడు పాలు పూయడం. సున్నం పట్టు వేయడం. ఆనెకాయలకు అంటించే మందు పట్టీ దీనికి అంటించడం. ఆ పట్టీలో చర్మాన్ని కరిగించే మందు ఉంటుంది. ఇవన్నీ చర్మాన్ని పాడు చేస్తాయి. లోపలి ఎముక ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

షుగరు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. షుగరు వల్ల కొందరికి పాదాల్లో స్పర్శ పోతుంది. చెప్పు కరిచినా తెలియదు. బొడిపె మీద పుండు పడినా నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. పుండు లోపలికి పోతుంది, ఎముక దాకా పోతుంది. వేలు తీసేయాల్సి రావచ్చు, కాలు తీసేయాల్సి రావచ్చు. షుగరు ఉన్నవాళ్లు రోజూ రాత్రి దీపం వెలుగులో రెండు పాదాలూ చూసుకోవాలి. చూపు ఆనకపోతే పిల్లల్ని చూడమనాలి. ఐసు గానీ వేడి కాపడం గానీ పెట్టకూడదు. కాలినా వాళ్లకు తెలియదు. చిన్న పుండైనా మర్నాడే ఆస్పత్రికి పోవాలి.

షుగరు లేనివాళ్లు కూడా కొన్నిటికి ఆగకూడదు. రాత్రికి రాత్రి బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది బొడిపె కాకపోవచ్చు. గౌట్ అనే వేరే జబ్బు కావచ్చు, దానికి వేరే మందులున్నాయి. చీము పట్టినా, జ్వరం వచ్చినా, పాదం మొద్దుబారినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించుకోవాలి.

ఆపరేషను ఎప్పుడు?

చెప్పులు మార్చి, మెత్తలు పెట్టి, నెలల తరబడి చూసినా నడవలేనంత నొప్పి ఉంటే అప్పుడు ఎముకల డాక్టరుతో మాట్లాడాలి. అందం కోసం చేయించుకునే ఆపరేషను కాదు ఇది. ఎముక కోసి, జరిపి నిలబెడతారు. మామూలు నడకకు వారాలు పడుతుంది. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లు పనికి ఎవరు పోతారు, ఇల్లు ఎలా గడుస్తుంది అన్నది ముందే చూసుకోవాలి. కొందరికి వేలు మళ్లీ ఒరుగుతుంది కూడా. ఇవన్నీ డాక్టరుని అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

పిల్లల పాదాలు

పిల్లల ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి. పిల్లల పాదం తొందరగా పెరుగుతుంది. నిరుడు కొన్న బూటు ఈ ఏడు పట్టదు. అన్న బూట్లు తమ్ముడికి వేయడం అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. వేసే ముందు కాగితం పెట్టి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు బూట్లు కూడా ఇస్తున్నారు. బడిలో సైజు రాసుకునేటప్పుడు అంచనాగా చెప్పవద్దు. ఇంట్లో రెండు పాదాలూ గీసి, ఆ కాగితం పిల్లల చేతికిచ్చి పంపండి.