మాంసం ఎండడం వేరు, మాగడం వేరు

పెద్ద హోటళ్లలో ‘డ్రై ఏజ్డ్’ పేరుతో వడ్డించే గొడ్డుమాంసానికి మామూలు మాంసం కంటే ధర ఎక్కువ. వారాల తరబడి చల్లని గదిలో ఉంచిన ఆ మాంసం మెత్తబడుతుంది, రుచి చిక్కబడుతుంది. వీడియోల్లో చూసి, ఇంటి ఫ్రిజ్‌లోనూ ఇది చేసుకోవచ్చని కొందరు అనుకుంటారు. మన ఇళ్లలో ఎండు మాంసం తరతరాలుగా ఉన్నదే కదా, ఇదీ అదే కదా అన్న ఆలోచన కూడా వస్తుంది. నిజానికి ఈ రెండూ ఒకటి కాదు. ఒక పద్ధతి మాంసంలోని ఎంజైములను పనిచేయనిస్తుంది. మరొకటి ఎంజైములు, సూక్ష్మజీవులు సహా అన్నింటి పనినీ ఆపేస్తుంది. ఈ తేడా తెలియకపోతే ఆరోగ్యానికే ముప్పు.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైన ఈ ఊరికి పని కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. ఆ రాష్ట్రంలో 2005 నాటి చట్టం ప్రకారం గోవధ నిషిద్ధం. కాబట్టి అక్కడి వంటింట్లో మాంసమంటే ఎక్కువగా మేక, గొర్రె, కోడి. జంతువు ఏదైనా కండరంలో జరిగే మార్పుల సూత్రం ఒక్కటే.

మాగడంలో ఏం జరుగుతుంది?

జంతువును కోసిన కొన్ని గంటలకు కండరాల్లో శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం అయిపోతుంది. దాంతో కండరపు పోగులు ఒకదానికొకటి బిగుసుకుపోయి మాంసం గట్టిపడుతుంది. అదే సమయంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని, 7 దగ్గర ఉన్న పీహెచ్ 5.6 వరకు దిగుతుంది. ఆ తర్వాత కండరంలో సహజంగానే ఉన్న కాల్పెయిన్లు అనే ఎంజైములు పోగులను పట్టి ఉంచే ప్రోటీన్లను కత్తిరిస్తాయి. మాంసం మెల్లగా మెత్తబడుతుంది. ప్రోటీన్లు విడిపోయి అమైనో ఆమ్లాలు వెలువడటంతో రుచి పెరుగుతుంది. కాయ మాగి పండైనట్టే, మాంసమూ మాగుతుందన్నమాట.

దీనికి రోజులు, వారాలు పడతాయి. అంతకాలం బ్యాక్టీరియా పెరగకూడదు. అందుకే మాగబెట్టే గదుల్లో ఉష్ణోగ్రతను 0 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్య, తేమను సుమారు 75 నుంచి 85 శాతం మధ్య ఉంచి, గాలిని నిరంతరం ఆడిస్తారు. పైపొర ఎండి తోలులా తయారవుతుంది. చివరికి దాన్ని కోసి పారేస్తారు. ఎముక, కొవ్వు కప్పి ఉన్న పెద్ద ముక్కలకే ఇది పనికొస్తుంది. కిలో మేక మాంసం ముక్కలను ఇలా ఉంచితే అంతా ఎండిన పైపొరే అవుతుంది, తినడానికి లోపల పెద్దగా ఏమీ మిగలదు.

ఇంటి ఫ్రిజ్ ఎందుకు చాలదు?

ఇంటి ఫ్రిజ్ తలుపు రోజుకు పదులసార్లు తెరుచుకుంటుంది. కరెంటు పోతుంది. బయట 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ వేసవిలో లోపలి ఉష్ణోగ్రత ఎక్కి దిగుతూ ఉంటుంది. అనుకూలమైన వేడిమిలో కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్క కణం 8 గంటల్లో 24 సార్లు రెట్టింపై, సుమారు 1 కోటి 67 లక్షల కణాలు కాగలదు. చల్లదనం ఈ వేగాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. లిస్టీరియా వంటివి ఫ్రిజ్ చల్లదనంలోనూ నెమ్మదిగా పెరుగుతాయి.

‘ఎలాగూ ఉడికిస్తాం కదా’ అన్న ధీమా కూడా పూర్తిగా చెల్లదు. మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా మాంసంలో విషపదార్థాన్ని తయారుచేయగలదు. ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది, కానీ ఆ విషం వేడికి తట్టుకుని మిగిలిపోతుంది. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి.

ఉప్పుకండ సూత్రం

తెలుగు ఇళ్లలోని ఉప్పుకండ, తెలంగాణలోని ఎండు తునకలు వేరే దారిలో నడుస్తాయి. మాంసాన్ని సన్నని పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండలో ఆరేస్తారు. ఉప్పు కొంత నీటిని బయటికి లాగుతుంది, మిగిలిన నీటిని సూక్ష్మజీవులకు అందకుండా పట్టి ఉంచుతుంది. ఎండ మిగతా నీటిని తీసేస్తుంది. అసలు భారం ఉప్పుది, ఎండది. పసుపు వాటికి బదులు కాదు.

సూక్ష్మజీవులకు అందే నీటిని శాస్త్రవేత్తలు ‘నీటి క్రియాశీలత’ అనే కొలతతో చెబుతారు. స్వచ్ఛమైన నీటిది 1. పచ్చి మాంసానిది 0.99 దగ్గర ఉంటుంది. 0.85 కన్నా దిగితే స్టెఫిలోకాకస్ సహా రోగకారక బ్యాక్టీరియా పెరగలేవు. బూజు ఇంకా మొండిది. 0.6 కన్నా దిగితే ఏ సూక్ష్మజీవీ పెరగదు.

ఇక్కడే వాతావరణం ముఖ్యమవుతుంది. ఆహారంలోని తేమ చుట్టూ ఉన్న గాలి తేమతో సమతూకానికి వస్తుంది. గాలిలో తేమ 85 శాతం ఉంటే మాంసాన్ని ఎన్ని రోజులు ఆరేసినా దాని నీటి క్రియాశీలత 0.85 కంటే దిగదు. వానాకాలంలో జంషెడ్‌పూర్ గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. పొడి గాలులు వీచే ఏప్రిల్, మే ఎండల్లో చక్కగా ఆరిన ఉప్పుకండ ఆగస్టులో బూజు పట్టడానికి కారణం ఇదే. మాంసం ఆరేయడానికి ఎండాకాలాన్ని ఎంచుకున్న పెద్దల అలవాటు వెనుక ఈ భౌతికశాస్త్రం ఉంది.

ఇంట్లో ఏం చేయవచ్చు?

ఎండబెట్టేవారు మాంసాన్ని సన్నగా కోయాలి, ఈగలు వాలకుండా పల్చని బట్ట కప్పాలి, త్వరగా ఆరనివ్వాలి. ముక్కను వంచితే విరిగేంత వరకు ఆరాక గాలి చొరని డబ్బాలో పెట్టాలి. మాంసాన్ని ఎండబెట్టే యంత్రంలో పెట్టే ముందే 71 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. ఉప్పు, పసుపు వేసి ముందుగా ఉడికించి ఆరేసే పద్ధతికి ఇది బలమిస్తుంది.

మెత్తదనమే కావాలనుకుంటే వారాలు ఆగనక్కర్లేదు. తాజా మాంసాన్ని మూతపెట్టి, ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే చోట ఒకటి రెండు రోజులు ఉంచితే కాల్పెయిన్లు కొంత పని చేసేస్తాయి. వండే ముందు కాస్త పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తే అందులోని పపెయిన్ అనే ఎంజైము కూడా ప్రోటీన్లను కత్తిరిస్తుంది. ఎక్కువసేపు ఉంచితే మాత్రం మాంసం పిండిలా అయిపోతుంది. వారాలపాటు మాగిన రుచి బొప్పాయితో రాదు. ఆ రుచి కోసం ఉష్ణోగ్రతను, తేమను, గాలిని ఒక్క రోజు కూడా తప్పకుండా అదుపులో ఉంచే ఏర్పాటు కావాలి. అది లేని ఇంట్లో మాంసాన్ని పూర్తిగా ఎండబెట్టడమో, తాజాగా వండుకోవడమో మేలు.