దొంగల కొట్లాటలోనూ బేరమే!

వంటింటి పని తెమిలి టీవీ ముందు కూర్చునేసరికి 'పుష్ప' వస్తోందనుకోండి. పిల్లలు పాటల కోసం చూస్తారు, మగవాళ్లు ఫైటింగుల కోసం. మీరు మాత్రం ఓసారి ఆ దొంగల మధ్య నడిచే బేరాలు గమనించండి. మన బజారు బేరాలకీ వాటికీ పెద్ద తేడా కనబడదు!

2021 డిసెంబరులో వచ్చిన ఈ సినిమాలో ఎర్రచందనం దొంగలు మెట్లమీద నిలబడ్డట్టు ఒకరికింద ఒకరుంటారు. అందరికన్నా కింద చెట్టు కొట్టే కూలి. వాడిపైన కొండారెడ్డి. ఆయన సరుకు కొనేది మంగళం శీను. ఆ పైన చెన్నైలో మురుగన్. శీనుకి కత్తులూ మనుషులూ ఉన్నారు, నిజమే. అయితే అతగాడి అసలు బలం ధర దాచడంలో ఉంది. టన్ను పాతిక లక్షలకి కొని చెన్నైలో కోటిన్నరకి అమ్ముతున్నాడని కిందివాళ్లకి తెలీదు. కూలీగా చేరిన పుష్పరాజు చెవిన ఆ ధర పడిందో లేదో, శీను కుర్చీ కదిలింది. కొండారెడ్డి అడగడానికి జంకుతాడు. పుష్పే వెళ్లి కోటి ఇమ్మంటాడు!

అన్నట్టు, కథ శేషాచలం అడవులదీ, యాస చిత్తూరుదీ అయినా షూటింగు చాలామటుకు మన మారేడుమిల్లి అడవుల్లోనే జరిగింది. దర్శకుడు సుకుమార్‌ది రాజోలు దగ్గర మట్టపర్రు. శీను వేషం వేసిన సునీల్‌ది భీమవరం.

నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లకి ఆ ధర సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. వేళ్లు నొప్పిపుట్టేలా అల్లేది వాళ్లు, పై దేశంలో అది ఎంతకి పోతోందో తెలిసేది వ్యాపారికి. జర్మనీకి చెందిన మరియా మీస్ ఈ లేసు ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. రోజుకి ఆరేడు గంటలు అల్లినా, ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు ఏదో కాలక్షేపానికి చేస్తున్నారన్నట్టు లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువని ఆవిడ వాదన. సినిమాలో ఒకడు తెగించి చెన్నై దాకా వెళ్లాడు. ఎవరింటి అరుగుమీద వాళ్లు కూర్చుని అల్లుకునేవాళ్లు, ఎవరిని వెంటబెట్టుకుని ఎక్కడికి వెళ్లి అడుగుతారు చెప్పండి?

ఇక సినిమాలో ఆడవాళ్ల సంగతి. శీను భార్య దాక్షాయణిగా అనసూయ వేసింది. తోడబుట్టినవాణ్ణి చంపిన పుష్పని మొగుడు ఏమీ చెయ్యలేకపోయాడని, చివరికి ఆ మొగుడి గొంతుమీదే బ్లేడు పెడుతుంది! 2024లో వచ్చిన రెండో భాగంలో శ్రీవల్లి, ముఖ్యమంత్రితో ఫోటో దిగి రమ్మని పుష్పని ముచ్చటగా అడుగుతుంది. స్మగ్లరుతో ఫోటో ఏమిటని ఆయన కాదంటాడు. అంతే, ముఖ్యమంత్రినే మార్చెయ్యాలని బయల్దేరతాడు పుష్ప.

"చూశావా, పెళ్లాం మాట ఎంత చెల్లిందో!" అంది మా పక్కింటి పిన్నిగారు. నాకలా అనిపించలేదు సుమండీ. శ్రీవల్లి అడిగింది ఫోటో ఒక్కటే. ఆ కోపంలో ఎన్ని కోట్లు ఖర్చవుతాయో, ఎంతమందితో పగ వస్తుందో అని మొగుడు ఆవిణ్ణి ఒక్క మాటైనా అడిగాడా?